ఈకలు మొలిచేదాకా

మా ఆయన తన ఉద్యోగాన్ని ఒక ఈగతో కాపాడుకుందామనుకున్నారు. నవ్వకండి. ఆ ఏడాది హైటెక్ సిటీలో ఉద్యోగాలు నిలుపుకోవడానికి జనం ఇంతకంటే ఘోరాలు చేశారు. మా పై ఫ్లాటాయన తన మేనేజరుగారి కుక్కకి పుట్టినరోజు చేశాడు. కేకు కూడా కోయించాడు. నెలాఖరుకి మేనేజరు ఉన్నాడు, కుక్క ఉంది, ఈయన ఉద్యోగం మాత్రం లేదు.

మా ఆయన పేరు భీమేశ్వరరావు. ఊరు భీమవరం. పేరులో ఒక భీముడు, ఊరి పేరులో ఒక భీముడు ఉన్నా ఒంట్లో ఒక్కడూ లేడు. నేను శ్రీలతను, సిద్దిపేట దాన్ని. జువాలజీలో డిగ్రీ తీసుకుని కొత్తగూడలో మూడో అంతస్తులో వంట చేస్తున్నాను. మాది ప్రేమ పెళ్లి. అప్పట్లో రాష్ట్రం ఒకటే గనక ఎవరూ పెద్దగా అడ్డం చెప్పలేదు.

ఇక ఈగ సంగతి. మీ టీ కప్పు మీద వాలే ఈగ కాదిది. చిన్న కొక్కేనికి కోడి ఈక, దారం చుట్టి పురుగులా కనిపించేట్టు చేసిన గాలపు ఎర. సన్నటి తీగకు కట్టి ఏటి మీదకి విసురుతారు. చేప నిజం పురుగే అనుకుని నోరు తెరుస్తుంది. ఒట్టి మోసం. కాకపోతే ఆ మోసానికి ఋతువులున్నాయి.

ఈ విద్యలో పండితుడు డగ్లస్. మా ఆయన కంపెనీకి పని ఇచ్చే అమెరికా కంపెనీలో పెద్ద అధికారి. కొండల్లో, చల్లటి సెలయేళ్లున్న చోట ఉంటాడు. ఆ ఏళ్లలో ట్రౌట్ అనే చేప ఉంటుంది. ఆ ఎండాకాలంలో హైదరాబాదు వచ్చినప్పుడు హోటల్లో భోజనం దగ్గర ఆ చేప గురించి తప్ప ఇంకేమీ మాట్లాడలేదట. చలికాలానికి ఒక ఈగ, వసంతానికి ఒకటి, ఎండాకాలానికి ఒకటి, ఆకులు రాలే కాలానికి ఒకటి. కాలం తప్పిన ఈగ వేస్తే చేప కన్నెత్తి చూడదట.

మా ఆయనకి చేపతో ఉన్న బంధుత్వమంతా కంచంలోనే. ముల్లు తీయడం కూడా నేనే. అయినా నోరూరుకోలేదు. "మాది గోదావరి ప్రాంతం సార్. తాతల నాటి నుంచీ మాకిదే వృత్తి" అన్నారట. డగ్లస్ కరిగిపోయాడు. వెళ్లేముందు చిన్న చిన్న కొక్కేల పొట్లం ఒకటి చేతిలో పెట్టి, మీ పద్ధతిలో ఒక్కో కాలానికి ఒక్కో ఈగ కట్టి పంపించమన్నాడు.

ఆ పొట్లం మా ఫ్రిజ్ మీద చాలాకాలం పడుకుంది. ఇంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు లేవు, బడులు లేవు. కరెంటు చుట్టపుచూపుగా వచ్చిపోయేది. డగ్లస్ కంపెనీవాళ్లకి హైదరాబాదు మీద నమ్మకం సడలింది. ఇక్కడి జట్టును ఉంచాలా, పుణె జట్టును ఉంచాలా, ఒక్కటే ఉంటుంది, తేల్చేది డగ్లసే అని కబురొచ్చింది.

మా ఆయన ఆ రోజు అన్నం సగంలో లేచి ఫ్రిజ్ మీది పొట్లం దించారు.

"ఈగలు కట్టి పంపుతానే."

"మీకు షర్టు గుండీ కుట్టుకొనుడు రాదు."

"గుండీకి అవసరం లేదు, అందుకని రాలేదు. ఉద్యోగం పోతుందంటే అన్నీ వస్తాయి."

నాకు పాపం అనిపించింది. కంప్యూటరు ముందు కూర్చుని డగ్లస్ ఉండే చోటి సెలయేళ్ల మీద ఎప్పుడెప్పుడు ఏ పురుగులు ఎగురుతాయో చదివాను. డిగ్రీ అయ్యాక నా చదువుని ఎవరైనా ఏదైనా అడగడం అదే మొదటిసారి. అడిగింది కూడా నేనే.

"ఏ కాలంల ఏ పురుగు నీళ్ల మీదుంటే చేప గదే తింటది" అని చెప్పాను. "చలికాలం దోమంత నల్లది. వసంతంల బూడిద రెక్కలది. ఎండకాలం మిడత. ఆకులు రాలేటప్పుడు చేపపిల్ల లెక్క పొడుగుది. గంతే."

"అది పుస్తకం చదువే. అనుభవం వేరు."

"ఎవలి అనుభవం?"

"మా మావయ్యది. పుంజుల పంచాంగం చూసి పందెం వేస్తాడు. ఏ వారం ఏ రంగు పుంజుకి బలమో అందులో ఉంటుంది. బలమంతా ఈకలోనే. డగ్లస్ చేపలు పట్టేది ఆదివారం. ఆదివారం డేగది. కాబట్టి నాలుగు కాలాలకీ డేగే."

"మీ మామ ఎన్నడన్న గెలిచిండా?"

"గెలవడం వేరు, శాస్త్రం వేరు."

డేగ అంటే ఎర్ర పుంజు. మా అపార్టుమెంటు సెల్లారులో అలాంటిది ఒకటుంది. వాచ్‌మన్ పోచయ్యది. పోచయ్య వాళ్లది నారాయణఖేడ్ దిక్కు. ఆయన భార్య బాలమ్మ మా ఇంట్లో పని చేస్తుంది. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు మహేందర్ డిగ్రీ చదువుతూ రైల్‌రోకోలో పట్టాల మీద పడుకున్నాడు. పోలీసులు పట్టుకుపోయారు. కొడుకు క్షేమంగా బయటికొస్తే ఆ పుంజుని మైసమ్మకి ఇస్తామని మొక్కుకున్నారు.

"బెయిలు కోసం తిరుగుతున్నవా పోచయ్యా?" అని ఒకసారి అడిగాను.

"తిరుగుతున్ననమ్మా. గని తొందర లేదు" అన్నాడు. "బయట పోరగాండ్లు ఒంటికి అగ్గి పెట్టుకుంటున్నరు. లోపల ఉంటేనే మంచిది. ఆడ అగ్గిపెట్టె దొరకది."

ఆ మాట విన్న రోజు నేను పప్పులో ఉప్పు మరిచిపోయాను. మా ఆయన గమనించలేదు. ఆయన ధ్యాసంతా పుంజు మెడ మీద ఉంది.

కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం, నా కనుబొమల పట్టకారు తీసుకుని సెల్లారులోకి దిగారు. నాలుగు ఈకలు చాలనుకున్నారట. కానీ మొదటి ఈకకే పుంజు ఆయన మీదికి లంఘించింది. ఆయన భయపడి దాని మెడే పట్టుకున్నారు. అది ముందుకు గుంజింది, ఈయన వెనక్కి గుంజారు. అప్పుడే కరెంటొచ్చింది. ఆ వెలుగులో పోచయ్య చూసినదేమిటంటే, రెండు చేతుల నిండా ఎర్రటి ఈకలతో సారు, పీచు పీకిన కొబ్బరికాయ లాంటి మెడతో కోడి.

"ఏంది సారూ గిది?" అన్నాడు పోచయ్య. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

అరిచే పని బాలమ్మ చేసింది. "నీళ్లు పోయినయంటే ఊకున్నం. కొలువులు పోయినయంటే ఊకున్నం. ఇగ మా కోడి ఈకలు గుడ పీకిన్రా? మెడ మీద ఈకల్లేని కోడిని తల్లి ముందట ఎట్ల పెడ్తం?"

సాయంత్రానికి అపార్టుమెంటు రెండు రాష్ట్రాలైంది. దేశంలో ఎక్కడైనా విభజన ఇంత వేగంగా జరిగిందంటే నేను నమ్మను. కోస్తావాళ్లు మెట్ల వైపు నిలబడ్డారు, తెలంగాణవాళ్లు లిఫ్టు వైపు. లిఫ్టు పనిచేయడం లేదు, అది వేరే సంగతి.

"ఈకలే కదండీ, మళ్లీ మొలుస్తాయి. కాస్త ఓపిక పట్టాలి" అంది మెట్ల వైపు నుంచి కమలమ్మగారు. గుంటూరావిడ.

"గదే మాట యాభై ఏండ్ల సంది చెప్తున్నరు" అన్నారు లిఫ్టు వైపు నుంచి.

తర్వాత అందరూ కలిసి నా వైపు చూశారు. పుట్టింటి పక్షమో, మెట్టినింటి పక్షమో తేల్చుకోమన్నట్టు. మా ఆయన మరీ దీనంగా చూశారు.

"నేను కోడి పక్షం" అన్నాను.

చివరికి తీర్పు కూడా నేనే చెప్పవలసి వచ్చింది. ఈకలు మొలిచేదాకా కోడి మా బాల్కనీలో ఉంటుంది. మేత, నీళ్లు, ఊడ్చడం అన్నీ సారు చూసుకుంటారు. మొలిచాక మొక్కు చెల్లించుకోవచ్చు. పోచయ్య తలూపాడు. బాలమ్మ మాత్రం తలూపే ముందు మా ఆయన చేతుల వైపు చూసి, "సారు చేతుల పట్టకారు గిట్ల ఉంచకుండ్రి" అంది.

ఆ రోజుల్లో కొత్తగూడ నుంచి మాదాపూరు దాకా తన భవిష్యత్తు ఏమిటో కచ్చితంగా తెలిసిన ప్రాణి ఆ కోడి ఒక్కటే. ఈకలు మొలిచేదాకా బతుకుతుంది. మిగతా అందరం ఫోను మోగితే ఉలిక్కిపడేవాళ్లం.

పీకిన ఈకలతో మా ఆయన ఈగలు కట్టారు. కట్టిన ఒక్కొక్కటి పెళ్లికి ముస్తాబైన బొద్దింకలా ఉంది. నాలుగూ ఒక్కలాగే ఉన్నాయి. ఏది ఏ కాలానిదో ఆయనకే తెలియదు, "డేగకి కాలంతో పనేంటే" అన్నారు. ఆఫీసులో ఒకతను అమెరికా వెళ్తుంటే అతని చేతికివ్వడానికి డబ్బా సర్దారు. డబ్బా అడుగున దూది పరిచింది నేను. ఆ దూది కింద ఇంకో నాలుగు సర్దింది కూడా నేనే. కుట్టుమిషను దారం, పాత స్వెట్టరు ఉన్ని, కమలమ్మగారి పిల్లి బొచ్చు. దోమంత నల్లదానికి మాత్రం మా ఆయన దువ్వెనలో దొరికిన సరుకు వాడాను. ఆ నెలలో ఆయనకి తల మీద ఆకులు రాలే కాలం నడుస్తోంది.

చలి మొదలయ్యాక ఒక సాయంత్రం డగ్లస్ నుంచి కంప్యూటరులో పిలుపొచ్చింది. మా ఆయన పైన టై, కింద లుంగీతో కూర్చున్నారు. నేను కెమెరాకి కనబడకుండా తలుపు దగ్గర నిలబడ్డాను. డగ్లస్ నోరు తెరిచేలోపు బాల్కనీలోంచి కోడి కూసింది.

"ఎవరది?" అన్నాడు డగ్లస్.

"మా జట్టులో సభ్యుడు సార్. కొత్తగా చేరాడు."

డగ్లస్ నవ్వాడు. అలసిపోయినట్టున్నాడు. ఎర్రవాటిని చూసి తన కుక్క మంచం కింద దూరిందని చెప్పాడు. "కానీ దూది కింద ఉన్నవి అద్భుతం, భీమ్. ఆ నల్లదానితో నిన్ననే ఒక చేప పడింది. దేనితో కట్టావు?"

మా ఆయన అయోమయంగా నా వైపు చూశారు. నేను ఆయన నెత్తి వైపు వేలు చూపించాను.

"స్థానికంగా దొరికే ముడిసరుకు సార్" అన్నారు.

"నిన్న పని రోజు కదా, ఏట్లో ఏం చేస్తున్నానని అడగవేం?" అన్నాడు డగ్లస్.

డగ్లసే చెప్పాడు. పుణె జట్టు ఉంటుందట. హైదరాబాదు జట్టు నెలాఖరు వరకేనట. ఆ నిర్ణయం తన చేతిలోంచి ఎప్పుడో జారిపోయింది, ఎందుకంటే తనని అంతకు ముందే తీసేశారు. ఈ కబురు ఎవరో తెలియనివాళ్ల నోటినుంచి వినడం బాగుండదని, తోటి జాలరిగా తానే చెబుదామనుకున్నాడట.

"మిగతా మూడు కాలాలకీ నాకిప్పుడు బోలెడంత తీరిక" అన్నాడు చివర్లో. "వసంతానికి ఇంకొన్ని పంపించు భీమ్, వీలైతే."

కంప్యూటరు మూసి మా ఆయన టై ముడి వదులు చేసుకున్నారు.

"మనం లంచం ఇచ్చిన మనిషికే ఉద్యోగం లేదటే" అన్నారు.

"ఈగలు మాత్రం పనిజేసినయట" అన్నాను.

దూది కింద సంగతి ఆయన ఆ రోజు అడగలేదు. మర్నాడు దువ్వెన వైపు కాసేపు చూసి, "చెప్పొచ్చు కదే" అన్నారు, అంతే.

కొత్త సంవత్సరం వచ్చింది. మా ఆయన ఇంటర్వ్యూలకి తిరిగారు. అన్నిచోట్లా మంచినీళ్లు ఇచ్చి, కబురు చేస్తామన్నారు. ఒకచోట ఆయన కంటే చాలా చిన్నవాడు, "సార్, మీ అనుభవానికి మేం తూగలేం" అన్నాడట. ఇంటికొచ్చి ఈ సంగతులన్నీ నాతో చెప్పేవారు కాదు. బాల్కనీలో నూకలు చల్లుతూ కోడితో చెప్పేవారు. నేను బట్టలు ఆరేసే నెపంతో వినేదాన్ని.

ఆ చలిలోనే మహేందర్ విడుదలయ్యాడు. వచ్చాడు గానీ మాట తగ్గింది. హాస్టల్లో అతని గదిలో ఉండే కుర్రాడు అప్పటికే పేపర్లో ఫోటో అయ్యాడు. బాలమ్మ తన ఇంటి అగ్గిపెట్టె తెచ్చి మా వంటింట్లో పెట్టింది. పొయ్యి వెలిగించాల్సినప్పుడల్లా మెట్లెక్కి వచ్చి, ఒక పుల్ల తీసుకుని వెళ్లేది. ఎందుకని నేను అడగలేదు. పెట్టె ఎక్కడుంటుందో మా ఆయనకి కూడా చూపించి పెట్టాను, నేను లేనప్పుడు ఇవ్వడానికి.

ఆ వారమే బాలమ్మ గిన్నె నిండా నాటుకోడి కూర తెచ్చింది. మా ఆయన గిన్నె చూసి ఒక్క అంగలో బాల్కనీకి పరిగెత్తారు. బోడి మెడతో కోడి అక్కడే నిలబడి ఉంది. ఊపిరి పీల్చుకుని వచ్చి మారు వడ్డించుకుని తిన్నారు.

"మొక్కు కోడికి ఇంకా ఈకలు రాలేదు బాలమ్మా" అన్నారు, ఎముక చప్పరిస్తూ.

బాలమ్మ నా వైపు చూసింది. నేను చారు వైపు చూశాను.

ఈకలు రానే వచ్చాయి. ఎండలు ముదరకముందే మెడ చుట్టూ ఎర్రగా, నిగనిగలాడుతూ. ఒకరోజు పొద్దున్నే లేచి చూస్తే ఆయన బాల్కనీలో కోడిని ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్కటే మెల్లగా పీకుతున్నారు. పక్కన నా కొబ్బరినూనె సీసా ఉంది.

"ఏంజేస్తున్నరు?"

"డగ్లస్‌కి వసంతం ఈగలే. పాపం అడిగాడు కదా."

"వసంతానికి బూడిద రంగు గావాలె. ఇవి ఎర్రయి."

"రంగులో ఏముందే. చేపకి మన మనసు తెలుస్తుంది."

శాస్త్రం మారిందన్నమాట. బూడిద దారంతో నాలుగు కట్టి ఆయన కవరులో వేశాను. ఎండాకాలానికి మళ్లీ ఈకలు మొలిచాయి. మళ్లీ నూనె, మళ్లీ ఒళ్లో కోడి.

"మిడతకు ఈకలెందుకు?"

"కాళ్లకి."

"మిడతకు గన్ని కాళ్లుంటయా?"

"అమెరికా మిడతే."

మెట్ల మీద ఎదురైనప్పుడల్లా పోచయ్య అడిగేవాడు. "సారూ, కోడి ఎట్లున్నది?" అని. ఆయన దిగులుగా మొహం పెట్టి, "ఇంకా మెడ బోడిగానే ఉంది పోచయ్యా, ఏదో చర్మరోగం లాగుంది" అనేవారు. పోచయ్య గంభీరంగా తలూపి, మీసం దిద్దుకునే వంకతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు.

ఆషాఢం వచ్చింది. బోనాలు దగ్గరపడ్డాయి. కోడి మెడ మళ్లీ నిండింది. ఈసారి ఆయన పీకడానికి ఈగలు కట్టాల్సిన కాలమేదీ మిగల్లేదు. ఆకులు రాలే కాలం ఈగలు కూడా ఎండాకాలం ఈకలతోనే ముందే కట్టి పంపేశారు. బోనాల పొద్దున ఆయన ఇస్త్రీ షర్టు, షూ వేసుకుని, లాప్‌టాప్ బ్యాగు పొట్టకి హత్తుకుని బయల్దేరారు.

"ఏడికి?"

"ఇంటర్వ్యూ. మూసాపేటలో."

"పండుగ నాడా?"

"అర్జంటు పోస్టటే."

బ్యాగు కదిలింది. నేను చూడనట్టు, శుభం కలగాలని దీపం వెలిగించాను. ఆయన వెళ్లగానే బాల్కనీ గ్రిల్లు పట్టుకుని కిందికి చూశాను. గేటు దగ్గర పోచయ్య కొత్త పంచె కట్టుకుని నిలబడి ఉన్నాడు. బాలమ్మ నెత్తిన బోనం ఉంది. పక్కన మహేందర్ ఉన్నాడు. వీధి చివర డప్పులు మొదలయ్యాయి.

"ఇంటర్వ్యూకా సారూ?"

"అవును పోచయ్యా. నీ కోడి పైన భద్రంగా ఉంది. కానీ మెడ మాత్రం..."

డప్పు చప్పుడుకి కోడి ఊరుకుంటుందా. లాప్‌టాప్ బ్యాగులోంచి పొడుగ్గా కూసింది.

అందరూ బ్యాగు వైపు తిరిగారు. తర్వాత మహేందర్ నవ్వాడు. వచ్చిన దగ్గర్నుంచి అతను నవ్వడం నేను చూడలేదు. బోనం జారకుండా బాలమ్మ రెండు చేతులా పట్టుకుని, తల తిప్పకుండానే కొడుకు వైపు చూసింది.

"ఎందుకు సారూ గింత కష్టం?" అన్నాడు పోచయ్య, బ్యాగు జిప్పు కొంచెం తెరిచి కోడికి గాలి ఆడేట్టు చేస్తూ. "మా మొక్కు ఎప్పుడో చెల్లింది గద. పోరడు వచ్చిన వారమే శ్రీలతమ్మ కూకట్‌పల్లి మార్కెట్ల ఇంకో పుంజును ఇప్పిచ్చింది. తల్లికి గదే పెట్టినం. మీరు గుడ తింటిరి, మారు ఏసుకొని."

మా ఆయన తల ఎత్తి మూడో అంతస్తు వైపు చూశారు. నేను గ్రిల్లు మీద ఆరేసిన తువ్వాలు సర్దుకున్నాను.

మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. బ్యాగు ఒళ్లోనే ఉంది.

"అపార్టుమెంటులో ఇంకెవరికి తెలుసు?"

"కమలమ్మగారికి చెప్పలే" అన్నాను. "ఆమెకు వాళ్ల పిల్లి చెప్పిందంట."

ఆయన నవ్వలేదు. "మూడుసార్లు పీకానే దాన్ని. పీకిన ప్రతిసారీ దానికి క్షమాపణ చెప్పుకున్నాను. నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే, పొద్దుగాల ఏ పని ఉన్నదని లేస్తుంటిరి?"

కింద డప్పులు దూరమయ్యాయి. ఆయన వంగి షూ లేసులు విప్పారు. బ్యాగు పూర్తిగా తెరిచి కోడిని నేల మీద దించారు. అది ఒళ్లు దులుపుకుని, నిండు మెడ ఎత్తి, తన ఇల్లే అన్నట్టు బాల్కనీ వైపు నడిచింది.

"నూకలు అయిపోయాయా?" అన్నారు.

"రాత్రే అయిపోయినయి."

ఆయన సంచీ తీసుకుని చెప్పులు వేసుకున్నారు.